మల్లప్ప వేసిన ముద్ర

సుక్కమ్మ మొగుణ్ణి ఊరంతా కరాచీ మల్లప్ప అనేది. ఆమె చెవిన పడేట్టు మాత్రం ఎవరూ అనేవారు కాదు. అన్నవాడి తాత ఎవరి చేలో ఏం కోసుకుపోయాడో, అవ్వ ఎవరితో ఎందుకు తన్నులాడిందో సుక్కమ్మ బాయి దగ్గర నిలబడి పేరుపేరునా విప్పి చెప్పేది. ఆ నోటికి భయపడే పోలీసు జవాను కూడా వాకిట్లోకి రాకుండా దొడ్డి బయటే నిలబడి పిలిచేవాడు.

మోత్కూరుకు పొద్దున బయలుదేరితే ఎండ ముదరకముందే చేరగల పల్లె వాళ్ళది. కురుమలు. గొర్రెలు తప్ప ఇంకో ఆస్తి లేదు. మల్లప్ప తండ్రి కులపెద్ద. ఆయన పోయాక పెద్దరికం కొడుకు మీద పడింది. మీసం ఇంకా నల్లగా ఉండగానే ముసలివాళ్ళ తగాదాలు తీర్చడం మొదలుపెట్టాడు. కురుమల్లో ఇంటికొక చెవికోత ఉంటుంది. ఒకరిది కొసన చీలిక, ఒకరిది పక్కన గంటు. తప్పిపోయిన గొర్రె ఏ మందలో ఎన్నాళ్ళు మేసినా, చెవిలో ఎవరి కోత ఉంటే వాళ్ళకే చేరాలి. దొంగలు పాత కోత మీద కొత్త కోత కోస్తారు. అటువంటప్పుడు మల్లప్ప కళ్ళు మూసుకుని, చెవిని రెండు వేళ్ళ మధ్య నలిపి, కింద గట్టిపడిన పాత గాయాన్ని పట్టేసేవాడు. అతడు ఎవరిదంటే వాళ్ళదే. మారుమాట ఉండేది కాదు.

అతని పెదనాయిన కొడుకు గుర్వయ్య. వయసులో పెద్దవాడు, బుద్ధిలో పెద్దవాడో కాదో చెప్పడం కష్టం. అన్నదమ్ములతో మంద పంచుకున్నప్పుడు కాగితం మీద వేలిముద్ర వేసి, కొన్నాళ్ళకు ఆ పంపకం చెల్లదన్నాడు. తనకు కల్లు పోయించి, బెదిరించి ముద్ర వేయించుకున్నారని కులం ముందు ఏడ్చాడు. అందులో నిజం ఉందని అందరికీ తెలుసు. మల్లప్పకూ తెలుసు. అయినా, పోసినవాడు పోస్తే తాగినవాడు తానే తాగాడు, మొగోడు వేసిన ముద్ర కాదంటే ఇక మాటకు విలువేముంది అని తీర్పు చెప్పి, తప్పు కింద పొట్టేలు కట్టించి, అన్న వరసవాడని చూడకుండా తల రుమాలు విప్పించి నిలబెట్టాడు. ఆ రుమాలు సంగతి గుర్వయ్య ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తనివాడు మరిచిపోయాడని అనుకోవడం తెలివితక్కువ.

తరువాత రోగం వచ్చి మల్లప్ప మంద దొడ్డిలోనే రాలిపోయింది. కులపెద్ద కూలికి పోవడం ఊళ్ళో చూడలేక, పాలమూరు మట్టిపని గుంపుతో కలిసి బొంబాయి పోయాడు. మేస్త్రీ అక్కడినుంచి పడవెక్కించి కరాచీ రేవులో పనికి పెట్టాడు. అప్పటికి అదంతా ఒకటే దేశం. సంవత్సరం తిరిగేసరికి రెండయింది. ఇక్కడ నిజాం పోయాడు, దొరల గడీలు ఖాళీ అయ్యాయి, జిల్లాలకు కలెక్టర్లు వచ్చారు. మల్లప్ప మాత్రం సముద్రం పక్కన రాళ్ళు మోస్తూ ఉండిపోయాడు. సుక్కమ్మ ఒకరి గొర్రెలు పాలుకు మేపి, వాటాకు వచ్చిన పిల్లలతో మళ్ళీ మంద నిలబెట్టింది. గాజులు తీసెయ్యమని చెప్పిన ఆడబిడ్డను చెంప పగలగొట్టింది. కొత్తగా పుట్టిన ప్రతి పిల్ల చెవికీ మల్లప్ప ఇంటి కోతే కోయించింది.

యాభై ఏడులో ఒక ఎండపూట మనిషి దిగాడు. సగం పళ్ళు లేవు. సుక్కమ్మ పాలు పిండుతున్నది పిండుతూనే తలెత్తి చూసింది.

"తొవ్వ ఇయ్యాల దొరికిందా?" అంది.

"ఇయ్యాలనే దొరికింది," అన్నాడు మల్లప్ప, ఆమె పక్కన కూర్చుని గొర్రె కాళ్ళు పట్టుకున్నాడు.

ఇంటిదారి ఎట్లా దొరికిందో నెమ్మదిగా చెప్పాడు. మధ్యలో సరిహద్దు పడింది. పాస్‌పోర్టు పుస్తకం లేనిదే దాటనివ్వరు. ఆ దేశపువాడినని రాసి వేలిముద్ర వేస్తే పుస్తకం ఇస్తామన్నారు. ముద్ర వెయ్యకపోతే కటకటాల్లో పెడతామని కూడా అక్కడి కచేరీలో ఒకడు గదిమాడు. ఆ గదిమిన ముక్క సుక్కమ్మకు ఒక్కసారి, చీకట్లో చెప్పాడు. మళ్ళీ ఎన్నడూ చెప్పలేదు. పుస్తకం మీద ఈ దేశంలో మూడు నెలలుండమని ఠప్పా వేసి పంపారు. సొంత ఇంట్లో మూడు నెలలేంటని ఇద్దరూ నవ్వుకున్నారు. మూడు నెలలు పోయాయి, ఏళ్ళు పోయాయి. జవాను వచ్చినప్పుడల్లా ఒక కోడి తగ్గేది. అంతకుమించి ఎవరికీ అతనితో పనిపడలేదు.

అరవై అయిదులో యుద్ధం వచ్చింది. సరిహద్దు ఎటుందో కూడా తెలియని మోత్కూరు సంతలో, మల్లప్పను చూసి జనం గొంతు తగ్గించడం మొదలైంది. తరువాత నల్గొండ నుంచి ఇంగ్లీషులో కాగితం వచ్చింది. సుక్కమ్మ దాన్ని కొంగున కట్టుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కి, వకీలు రామచంద్రం ఇంటి ముందు దిగింది. బక్కపలచని మనిషి, తొందర లేకుండా మాట్లాడతాడు. చదివి, అర్థమయ్యేట్టు చెప్పాడు.

పరాయి దేశపు పుస్తకం సొంత ఇష్టంతో తీసుకుంటే, ఈ దేశంతో ఉన్న సంబంధం తెగిపోతుందని చట్టం. ఎక్కడ పుట్టాడు, పెళ్ళాం ఎవరు, మంద ఎవరిది, ఇవేవీ లెక్కలోకి రావు. కానీ పోలీసులు చెప్పారని మెడపట్టి గెంటడానికి లేదు. తేల్చవలసింది ఢిల్లీ సర్కారు. తేల్చేముందు ఎందుకో చెప్పాలి, మనిషి చెప్పేది వినాలి. బెదిరించి, లేదా మోసం చేసి తీసుకునేట్టు చేశారని అతడంటే, అది నిజమో కాదో విచారించాలి. ఢిల్లీ పెద్దకోర్టు కూడా ఆ మధ్య అదే చెప్పింది.

"గదొక్కటే సందు ఉన్నది మల్లప్పా," అన్నాడు రామచంద్రం. "గదిమిండ్రు, భయపడ్డ, చదువు రాదు, ఏస్తున్నదేందో తెల్వదు. గీ మాటలు చెప్పు. అబద్ధం గాదు గద."

"అబద్ధం గాదు," అన్నాడు మల్లప్ప.

"మరి చెప్తవా?"

మల్లప్ప గోడవైపు చూశాడు. చెబుతాడని సుక్కమ్మే జవాబిచ్చింది.

ఇక్కడ పుట్టినవాడేనని చెప్పడానికి ఊళ్ళోనుంచి ఒక పెద్దమనిషిని తీసుకురమ్మన్నాడు వకీలు. దానితో పని జరగదు, అయినా ఉంటే మంచిదన్నాడు. మల్లప్ప పుట్టుక కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది గుర్వయ్య ఒక్కడే. సుక్కమ్మ వెళ్ళి, బావా, ఒక మాట సాయం కావాలి అని అడిగింది. గుర్వయ్య ఒక్కమాట కూడా ఎదురు చెప్పకుండా ఒప్పుకుని, ఉతికిన రుమాలు చుట్టుకుని బయలుదేరాడు. ఊళ్ళో ప్రతివాడి పాత సంగతీ ఎరిగిన సుక్కమ్మ, ఆ రుమాలు చూసి కూడా ఆగలేదు.

విచారణ చేసే అధికారి కోస్తావైపు మనిషి. కళ్ళద్దాలు, మర్యాద. కూర్చోమని బెంచీ చూపించాడు. మల్లప్ప కూర్చోలేదు. గుర్వయ్యను అడిగితే, వీడు పుట్టిననాడు తానే మంత్రసానిని పిలుచుకొచ్చానని చెప్పాడు. రాసుకున్నారు. గుర్వయ్య గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, తమ్ముడి మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

అధికారి తల ఎత్తాడు. "మల్లప్పగారూ, ఈ పాస్‌పోర్టు మీద వేలిముద్ర మీదేనా?"

"నాదే."

"ఎవరైనా బలవంతం చేశారా? బెదిరించారా? తొందర లేదు, ఆలోచించుకుని చెప్పండి."

ఆ మనిషి సందు చూపించాడు, అందులో అబద్ధం లేదు. రామచంద్రం దగ్గాడు. సుక్కమ్మ మొగుడి వీపు చూసింది. ఆ వీపు ఒకప్పుడు పంచాయితీలో ఎట్లా నిటారుగా ఉండేదో అట్లా అయింది. మల్లప్ప కళ్ళు అధికారి మీద లేవు. గుర్వయ్య రుమాలు మీద ఉన్నాయి.

"ఎవ్వలు బెదిరియ్యలే," అన్నాడు. "ఇంటికి రావాలె. నా ఊరు, నా ఆడిది ఈడున్నరు. గందుకు నా ఇష్టంతోనే ఏసిన. ఏసిన ముద్ర కాదనుడు మా ఇంటావంట లేదు సారూ."

అంతకంటే గట్టి మాట లేదని అతని లెక్క. ఇంటిమీద మనసుతోనే వేశానంటే ఏ పెద్దమనిషైనా ఇంటికే పంపుతాడని అనుకున్నాడు. గుమాస్తా కలం మాత్రం 'ఇష్టంతోనే' దగ్గర ఆగి, ఆ ముక్కను ఇంగ్లీషులో శుభ్రంగా దించుకుంది. మిగతాదంతా కథగా వదిలేసింది. రామచంద్రం లేచి, ఈ మనిషికి అడిగింది అర్థం కాలేదు, మళ్ళీ అడగండి అని వేడుకున్నాడు. అధికారి మళ్ళీ అడిగాడు. మల్లప్ప ఈసారి ఇంకా గట్టిగా అదే చెప్పాడు.

అప్పుడు సుక్కమ్మ ముందుకొచ్చింది. ఆడమనిషి ఊరికే నిలబడాలని ఎవరో కొంగు లాగితే విదిలించుకుంది.

"గొర్రె చెవి గొర్రె కోసుకోదు సారూ," అంది. "ఎవడో పట్టుకొని కోస్తడు. పాతకోత కింద ఉంటది. జర వేలు పెట్టి చూడుండ్రి. గదిమిండ్రని నాకు చెప్పిండు. ఈని మొకానికి సిగ్గు అడ్డమొచ్చింది."

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. అధికారి నవ్వలేదు. ఆమె మాట కూడా రాయమన్నాడు. రాసి, మొగుణ్ణి అడిగాడు, భార్య చెప్పింది నిజమేనా అని. గుర్వయ్య అప్పుడు గొంతు సవరించుకున్నాడు. మల్లప్ప నేలను చూస్తూ, ఆడిది బుగులుతోని, భయపడి అంటున్నదన్నాడు.

తిరుగు బస్సులో ముగ్గురూ ఒకే వరసలో కూర్చున్నారు. బస్సు ఆత్మకూరు దాటింది. తరువాత గుర్వయ్య, ఎదురుగా ఉన్న సీటు కమ్మీని చూస్తూ, ఆ రుమాలు సంగతి తాను నాడే మరిచిపోయానని అన్నాడు. మల్లప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. బావను తిట్టే హక్కు సుక్కమ్మకు లేదు. పిలిచింది తనే కదా.

ఢిల్లీ నుంచి హుకుం రావడానికి చాలా నెలలు పట్టింది. పరాయి దేశస్థుడని తేలిందని, వెళ్ళిపోవాలని అందులో ఉంది. రామచంద్రం ఊరుకోలేదు. మళ్ళీ చూడమని ఢిల్లీకి అర్జీ రాశాడు. హైదరాబాదులో హైకోర్టు మెట్లెక్కాడు. దారులన్నీ తెరిచే ఉన్నాయి, ఒక్కటీ మూసి లేదు. ప్రతి దారి చివరా మల్లప్ప చెప్పిన ఆ ఒక్క మాట ముందే వెళ్ళి కూర్చుని ఉంది. చెప్పనివ్వలేదా, చెప్పనిచ్చారు. నోటీసు ఇవ్వలేదా, ఇచ్చారు. అడిగారా, రెండుసార్లు అడిగారు. ఇక మల్లప్పను కాపాడాల్సిన చట్టం తన పని తాను చేసేసినట్టే. వకీలు ఈ సంగతి చెబుతూ సుక్కమ్మ కళ్ళలోకి చూడలేకపోయాడు.

తీసుకుపోవడానికి ఇద్దరు జవాన్లు వచ్చారు. ఎప్పుడూ కోడి పట్టుకుపోయేవాడు అందులో ఒకడు. ఆనాడు మాత్రం ఏమీ వద్దన్నాడు. మల్లప్ప గొంగడి భుజాన వేసుకుని, దొడ్డిలో ఒకసారి తిరిగి, వాకిట్లోకి వచ్చి ఆగాడు.

"నేను చెప్పింది తప్పా?" అని అడిగాడు.

ఊరందరికీ మాట మిగల్చని సుక్కమ్మ చాలాసేపు అతని భుజం మీద గొంగడి సర్దింది.

"తప్పేం లేదు. నిజమే చెప్పినవ్. పో, బస్సెల్తది," అంది.

రైలెక్కించారని రామచంద్రం ద్వారా తెలిసింది. సరిహద్దు దగ్గర ఆ వైపువాళ్ళు తీసుకున్నారో లేదో, ఎక్కడైనా జైల్లో ఉంచారో ఎవరూ చెప్పలేకపోయారు. వకీలు రాసిన ఉత్తరాలకు, మీ ఉత్తరం అందింది అన్న జవాబు మాత్రం వచ్చేది.

వానలు మొదలై పిల్లలు పుట్టాయి. చెవులు కోసే రోజున గుర్వయ్య పిలవకుండానే వచ్చాడు. తలకు రుమాలు లేదు. దొడ్డి దగ్గర కూర్చుని, కత్తి రాయి మీద నూరి, మొదటి పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాడు. సుక్కమ్మ వచ్చి ఆ పిల్లను అతని ఒళ్ళోనుంచి లేపి, తల్లి దగ్గర వదిలింది.

"ఈ యేడు కొయ్యొద్దు బావా."

"తప్పిపోతే ఎవ్వలదో తెల్వొద్దా సుక్కమ్మా?"

"తెలిసి ఏం చేసిండ్రు," అంది సుక్కమ్మ, దొడ్డి తడిక తీసింది. పిల్లలు నిండు చెవులతో తల్లుల వెంట బయటికి పోయాయి.