గంజి అంటిన కళ్ళు

నడుములు కప్పమంటే మా మేనమామ కళ్ళు కప్పాడు.

నారాయణపేటలో డేరా సినిమా దిగిన ఏడు, పోస్టర్లలో ఆడవాళ్ళ బట్టలు చూసి మండిపడ్డవాళ్ళలో నేనే ముందు. చీర పేలికలకు పడుగు గంజి రాసి అతికించే పని నేతగాడని ఆయనకే అప్పజెప్పాను. తీరా చూస్తే నడుములన్నీ అలాగే ఉన్నాయి. కళ్ళ మీదే ఎర్రంచు పేలికలు. గాలికి అవి రెప్పల్లా లేస్తే, లోపలి కళ్ళు నన్నే చూసేవి. నేను వేరే గల్లీ పట్టాను.

"గిదేం పని మామా? సిగ్గు గీడుంటే బట్ట గాడ కప్తివి!"

ఎన్నిసార్లు అడిగినా మగ్గం మీద నాడె ఆడించడం ఆపేవాడు కాదు. ఏడాదికి ఆపాడు.

"నడుం మీరు జూసిండ్రు. మీరు జూసుడు గామె జూసింది. గా కండ్లు మూయకుంటే, మీరు ఇంట్ల ఆడోళ్ళ ముంగట ఎట్ల నిలవడతరు అల్లుడా?"