పడుకున్న పూలమడి, పార పట్టుకున్న అంకుల్

2022 జూన్. న్యూజెర్సీ ఎడిసన్‌లో తోటలు వేసే పని సొంతంగా మొదలుపెట్టిన తొలి ఏడాది. స్వాతి అనే ఐటీ ఉద్యోగిని ఇంటి వెనక, మేపుల్ చెట్ల కింద నేను వేసిన నీలిపూల మడి ఏప్రిల్‌లో విరగబూసింది. వీధిలో తెలుగువాళ్ళంతా వచ్చి ఫొటోలు దిగారు. "వచ్చే ఏడాది చూసి మేమూ వేయించుకుంటాం" అన్నవాళ్ళూ ఉన్నారు. నేను గాల్లో తేలిపోయాను.

ఇలాంటి అడవిపూలని మా వృత్తిలో స్ప్రింగ్ ఎఫిమెరల్స్ అంటాం. పైన చెట్లు ఆకులేసి నీడ కమ్మేలోపే గబగబా పూసి, ఆకులతో సహా మాయమైపోతాయి. వేళ్ళు మాత్రం మట్టిలో బతికే ఉంటాయి. దాన్ని డార్మెంట్ అంటారు, అంటే నిద్రన్నమాట. ఇదంతా స్వాతికి చెప్పాను. మే నెలలో గుంటూరు నుంచి దిగిన ఆమె మామగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

"అక్కా, అర్జెంట్‌గా రండి" అని స్వాతి ఫోన్. "మామయ్యగారు పార కొనుక్కొచ్చారు. మడి తవ్వి గోంగూర వేస్తారట. నేను మీటింగ్‌లో ఇరుక్కున్నాను."

నేను వెళ్ళేసరికి ఆ మామగారు, సుబ్బారావుగారు, లుంగీ ఎగ్గట్టి, పార ఎత్తి మడి పక్కనే నిలబడి ఉన్నారు. ఆ పార దిగితే వేళ్ళు ముక్కలే. వచ్చే ఏప్రిల్‌కి అక్కడ పూలుండవు, ఆ వీధిలో నాకు పనీ ఉండదు.

"అంకుల్, అవి చావలేదు. నిద్రపోతున్నాయి."

"జీవితమంతా వ్యవసాయం చేశానమ్మా. ఎండి మట్టిలో కలిసిపోతే దాన్ని నిద్రంటారా మీ అమెరికాలో? ఊరంతా వచ్చి ఫొటోలు తీసుకుంటే దిష్టి తగలక ఏమవుతుంది!"

నేను చదివిన హార్టికల్చర్ అక్కరకు రాలేదు కానీ, ఆ దిష్టి మాట దొరికింది.

"అదే అయ్యుంటుంది అంకుల్. మరి దిష్టి తగిలిన నేలలో గోంగూర మాత్రం బతుకుతుందా?"

పార ఆగింది.

"ముందు గుమ్మడికాయ కట్టండి. ఏప్రిల్ దాకా ఆ మట్టిని ఎవరూ ముట్టుకోకూడదు. మా అమ్మమ్మ చెప్పేది."

మా అమ్మమ్మ హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేది. కుండీలో తులసి తప్ప ఇంకేమీ పెంచి ఎరగదు.

సాయంత్రానికల్లా మేపుల్ కొమ్మకి బూడిద గుమ్మడికాయ వేలాడింది. అంకుల్ ఇండియా వెళ్ళేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కాపలా కాశారు. పిల్లల బంతి అటు పడితే కేకలే కేకలు. గోంగూర బుద్ధిగా కుండీల్లో పెరిగింది.

ఏప్రిల్ వచ్చింది. మడి మునుపటికంటే ఒత్తుగా పూసింది. నేను మడి చూడ్డానికి వెళ్ళినప్పుడు స్వాతి వీడియో కాల్‌లో చూపిస్తే అంకుల్ సంతోషం పట్టలేకపోయారు.

"చూశావా అమ్మాయ్! నువ్వేమో నిద్ర అని చేతులు దులిపేసుకున్నావు. దిష్టి తీయబట్టి బతికాయి!"

"అవును అంకుల్" అన్నాను. స్వాతి నవ్వాపుకోలేక ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి పరుగెత్తింది.

మట్టిలో పడుకున్న వేళ్ళు బతకాలంటే, పైన మేలుకుని ఉన్న మనుషులకి ఏదో ఒక పని అప్పగించాలని అలా నేర్చుకున్నాను. ఆ వసంతంలో అదే వీధిలో ఇంకో మూడిళ్ళవాళ్ళు నన్ను పిలిచారు. ముగ్గురూ ముందు అడిగిన ప్రశ్న ఒక్కటే: గుమ్మడికాయ మీరే తెస్తారా, మేం కొనుక్కోవాలా?

నేనే తెస్తున్నాను.