మా వదినకు రాయని పరీక్ష

పోయిన నెల మా పక్కింటావిడకు తోడుగా ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ భర్త ఆవర్‌పూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి, రిటైరయ్యాక చంద్రపూర్‌లో మేముండే తుకుం పేటలో ఇల్లు కట్టుకున్నారు. ఆవిడది గేటు తీసినా చప్పుడు వినపడనంత నెమ్మది. కొంతకాలంగా దగ్గు తగ్గడం లేదు, స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది. డాక్టరు కుర్రవాడు. ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చూస్తూ, ఆవిడ మొహం వంక చూడకుండానే "బిడీ ఓఢతా కా?" అని మరాఠీలో అడిగాడు, బీడీ తాగుతారా అని. ఆవిడ బిత్తరపోయి, "అసుంటి అలవాటు మా ఇంట్ల ఎవలకు లేదు సార్" అంది, అతనికి తెలుగు రాదన్న సంగతి కూడా మరిచిపోయి. ఆ మాట నేను మరాఠీలో చెప్పాను. చెబుతూ చేతిలోని ఆవిడ ఫైలును నలిపేశాను. అది భయమనుకుని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, పాపం. అది కోపం. ఇరవై ఏళ్ళకు పైగా నాలో చల్లారకుండా ఉన్న కోపం.

మాది రాజురా దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కచేరీలో హిందీ, ఇలా మూడు భాషల మధ్య పెరిగినవాళ్ళం. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. అన్నయ్య పెళ్ళయి వదిన వచ్చాక నా తలకు నూనె, జడకు రిబ్బను వచ్చాయి. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం రాదు కానీ, నేను బడి ఎగ్గొట్టిన రోజు మాత్రం ఎలాగో పసిగట్టేది. పన్నెండో తరగతి అయ్యాక అన్నయ్య ఇక చాలన్నప్పుడు, వదిన పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "సదువుకునే పొల్లను ఆపితె నాకు మంచిగుండదు, చెప్తున్న" అంది. అన్నయ్య మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పెళ్ళయ్యాక కూడా నా చదువు సాగిందంటే, ముప్పై దాటాక ముంబైలో పరిశోధనకు సీటు వచ్చిందంటే, దాని వెనక ఆ పొయ్యి దగ్గరి మాట ఉంది. ఆ పొయ్యి గురించి కూడా చెప్పాలి. గనుల వైపు ఊళ్ళలో అప్పట్లో చాలామంది కట్టెలకు బదులు బొగ్గే వాడేవాళ్ళు. లారీల నుంచి రాలిన బొగ్గు ఏరుకొచ్చి శెగడి కుంపట్లో రాజేసేవాళ్ళు. కిటికీ లేని వంటగదిలో వదిన పొద్దున, సాయంత్రం ఆ పొగలోనే కూర్చునేది. ఆమె జబ్బుకు అదే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను, అలా చెప్పకూడదని నా చదువే నేర్పింది. కానీ ఆ పొగ గురించి ఏ డాక్టరూ ఆమెను ఒక్క మాట కూడా అడగలేదని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

ముంబైలో మా పరిశోధన ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద. ఆపరేషన్లలో తీసిన గడ్డల ముక్కలు మంచులో పెట్టి మా దగ్గరికి పంపేవాళ్ళు. వాటిలోంచి డి.ఎన్.ఏ. వేరుచేసి, కణాన్ని పెరగమని చెప్పే జన్యువుల్లో ఎక్కడ తప్పు దొర్లిందో వెతికేవాళ్ళం. జన్యువు రాతలో ఎక్కడో ఒక్క అక్షరం మారితే చాలు, ఆ కణానికి పెరగమన్న ఆజ్ఞ ఆగకుండా అందుతూనే ఉంటుంది. మందు గురిపెట్టాల్సిన ఆ చోటునే మేము లక్ష్యం అనేవాళ్ళం. ఆ ఆజ్ఞను ఆపగలిగితే అదే చికిత్స. అలా ఆపే మాత్ర ఒకటి అప్పటికే వచ్చింది, ఒకానొక మార్పు ఉన్నవాళ్ళకు బాగా పనిచేస్తోంది. ఆ మార్పు పొగతాగని ఆడవాళ్ళలో తరచుగా కనిపిస్తోందని మా బల్లల మీద మేమే చూస్తున్నాం. ఎవరి ఫలితమైనా వచ్చిన రోజు అందరం ప్రయోగశాలలోని కంప్యూటరు చుట్టూ మూగేవాళ్ళం. నా జీవితంలో అంత ఉత్సాహంగా బతికిన రోజులు మళ్ళీ రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక దసరాకు ఊరికి వెళ్ళేసరికి, వదిన వసారాలో ఓ మూల విడిగా పెట్టిన కంచంలో ఒక్కతే తింటోంది. మనిషి సగమైంది. కఫంలో టీబీ క్రిములు కనబడకపోయినా, ఎక్స్‌రేలో మచ్చ చూసి నెలల తరబడి టీబీ మందులే వాడించారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారని కంచం, గ్లాసు వేరు చేశారు. "నాకేం గాలె పొల్లా. నువ్వు సదువు ఇడ్సిపెట్టి ఉరికురికి రాకు" అంది, మాట మాటకూ దగ్గుతూ. చంద్రపూర్‌లో పెద్ద డాక్టరుకు చూపించి, సూదితో ముక్క తీయిస్తే క్యాన్సర్ అని తేలింది. ఇక అక్కడి నుంచి ఇంకో నింద మొదలైంది. దొంగతనంగా చుట్ట కాల్చేదేమోనని ఊళ్ళో గుసగుసలు. అన్నయ్యకు వినిపించేలాగే అన్నారు. ఎన్నడూ గొంతెత్తని మనిషి, చావడి ముందు నిలబడి, "నా పెండ్లాం ఏం తాగిందో నాకెర్క లేదా? పొగ తాగింది, మాకు రొట్టెలు కాల్చి పెట్టిన పొగ!" అని అరిచాడు.

నేను పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ ముక్కను జన్యుపరీక్షకు పంపమని అడిగాను. ముక్క చిన్నది, స్లైడ్లకే అయిపోయింది, మళ్ళీ తీయాలి అన్నాడు. తీయండి అన్నాను. ఆయన నవ్వాడు. "పల్లెటూరి మనిషికి ఈ టెస్టులన్నీ ఎందుకు మేడమ్? ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టండి" అన్నాడు. బయట బెంచీ మీద వదిన, లోపల మేము, మధ్యలో ఒక పరదా. ఆమె అంతా వింది. ఆటోలో కూర్చున్నాక, "నాకిష్టమైంది ఏందో ఆయనకెట్ల ఎర్క?" అంది. 

ముంబై తిరిగి వెళ్ళి మా గైడు ముందు కూర్చున్నాను. మంచివాడే, నియమం తప్పని మనిషి. పరిశోధన కోసం చేసిన పరీక్ష ఫలితాన్ని రోగికి చెప్పకూడదు, అది చికిత్సకు పనికొచ్చే పద్ధతిలో చేసింది కాదు అన్నాడు. అది నాకూ తెలుసు. "మనం లక్ష్యాలు వెతికేవాళ్ళం, వైద్యం చేసేవాళ్ళం కాదు" అని కూడా అన్నాడు. ఆ మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. "దొరికిన లక్ష్యం ఎవరికి చెప్పడానికి సార్? పరాయిదేశం పత్రికకా?" అని అడిగేశాను. నా చదువు అక్కడితో ముగిసిందనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఫోనందుకుని, ఆసుపత్రి పద్ధతిలో ఆ పరీక్ష చేసే డాక్టరుతో మాట్లాడాడు.

వదినను రైల్లో తీసుకొచ్చాం. మళ్ళీ సూది గుచ్చితే ఆమె మూలగలేదు, "గీపాలి మంచిగ సరిపోను తియ్యుండ్రి" అంది. ఆ మార్పు ఉంది. నేను రోజూ ఇతరుల గడ్డల్లో వెతికే అదే మార్పు. మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్ళకే దగ్గు సద్దుమణిగింది. నెలలు గడిచేకొద్దీ గడ్డ కుంచించుకుపోయింది. మందు ప్రభావానికి మొహం నిండా పొక్కులు లేచాయి. ఫోనులో పగలబడి నవ్వుతూ, "మొటిమలొచ్చినయ్ పొల్లా, మల్ల పడుచుదాన్నయిన!" అని చెప్పింది. కంచం మళ్ళీ పిల్లల మధ్యకు చేరింది. ఆ ఏడాది పత్తి తీతకు ఒడి కట్టుకుని చేనుకు పోయింది, ఆ మరుసటేడూ పోయింది. వద్దన్న వాళ్ళతో తనకు ఇష్టమైంది ఇదేనని చెప్పిందట.

తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఆ గడ్డలో రెండో మార్పు వచ్చింది. మాత్ర ఇక పట్టదు. దాని పేరు నాకు తెలుసు, అది జన్యువులో ఎక్కడ కూర్చుందో తెలుసు, దాని మీద మా ప్రయోగశాలలోనే పని జరుగుతోంది. మందు మాత్రం ఇంకా రాలేదు. వానాకాలంలో, నాట్లు పడకముందే వదిన పోయింది. ఆ రెండో మార్పుకు మాత్ర వచ్చింది, చాలా ఏళ్ళ తర్వాత. ఆ వార్త చదివిన రోజు తోటివాళ్ళు మిఠాయి పంచారు. నేను చేతిలో పట్టుకుని కూర్చున్నాను, తినలేకపోయాను. సైన్సు ఆలస్యమైందని నాకు కోపం లేదు. వెతకడానికి ఎంత కాలం పడుతుందో నాకు తెలుసు. నా కోపం ఆ టీబీ మందుల నెలల మీద, ఆ పరదా అవతలి నవ్వు మీద.

పక్కింటావిడ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ కుర్ర డాక్టరుతో ఆరోజు గట్టిగానే మాట్లాడాను. బీడీ సంగతి అడగడం తప్పు కాదు నాయనా, లేదన్నాక అక్కడే ఆగిపోవడం తప్పు అన్నాను. అతను నొచ్చుకున్నాడు, కానీ ముక్క తీయించి, క్యాన్సరైతే జన్యుపరీక్ష కూడా చేయించమని రాశాడు. ముక్క సరిపోకపోతే రక్తంలో కూడా చూడొచ్చు ఇప్పుడు, మేము వారాలు కూర్చుని చదివింది యంత్రం గబగబా చదివేస్తుంది. ఆవిడ రిపోర్టు ఫోనుకే వచ్చింది. మాత్ర పట్టే మార్పే. నిన్న సాయంత్రం మిద్దె మీద బట్టలు ఆరేస్తూ కనిపించింది.

మా ఊళ్ళో ఇప్పుడు ప్రతి ఇంటా గ్యాస్ ఉంది. వదిన పత్తి తీసిన చేను బొగ్గు గనిలో కలిసిపోయింది, అక్కడిప్పుడు పెద్ద గొయ్యి. నా గైడు పోయాడు, ఆ కంప్యూటరు చుట్టూ మూగినవాళ్ళం తలోచోటా ఉన్నాం. ఎన్ని మాత్రలొచ్చాయో, ఎన్ని లక్ష్యాలు దొరికాయో చూసి మురిసిపోవాల్సిన వయసు నాది. కానీ ఆ ఛాతీ డాక్టరు గది బయట, మా వెనక వరుసలో ఇంకా చాలామంది ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ కూర్చున్నారు. వాళ్ళకు తోడుగా వచ్చినవాళ్ళలో ఆ పరీక్ష పేరు తెలిసినవాళ్ళు ఎవరున్నారు? మా రోజుల్లో మందు లేక చనిపోయారు. వాళ్ళ కోసం ఏడ్చాను. ఇప్పుడు మందు ఉండి కూడా పోతున్నారు. వీళ్ళ కోసం నాకు ఏడుపు రావడం లేదు, కోపమే వస్తోంది.