సోక్రటీస్‌కి పన్నెండు నిమిషాలు

డెబ్బై ఒకటో ఏట రాధారాణికి సోక్రటీస్ వేషం వేయాలనిపించింది. ముప్పై ఏళ్లు మందుల కంపెనీల ల్యాబుల్లో కెమిస్టుగా చేసి రిటైరైన మనిషి. ఎన్నడూ స్టేజీ ఎక్కింది లేదు, నలుగురిలో పాట పాడింది లేదు. అమెరికాలోని హెర్న్‌డన్ ఊరి తెలుగువాళ్లలో ఆవిడ పేరు చెబితే పులిహోర గుర్తొస్తుంది తప్ప మరొకటి కాదు. అలాంటి ఆవిడ ఆర్నెల్లు లైబ్రరీ చుట్టూ తిరిగి, రెండు వేల నాలుగు వందల ఏళ్ల నాటి ఒక విచారణను తెలుగులో నలభై నిమిషాల నాటకంగా రాసుకుంది. ఉగాది వేడుకలో వేస్తానని తెలుగు సంఘానికి కబురు పెట్టింది.

కథ చిన్నదే. ఏథెన్సులో ఒక ముసలాయన చెప్పుల్లేకుండా బజార్ల వెంట తిరుగుతూ కనబడ్డవాడినల్లా ప్రశ్నలడుగుతాడు. ధైర్యమంటే ఏమిటి? న్యాయమంటే ఏమిటి? తెలుసన్నావుగా, చెప్పు మరి. జవాబు రాక పరువు పోగొట్టుకున్న పెద్దమనుషులకు కంటగింపయ్యాడు. ఊరి దేవుళ్లను కొలవడం లేదనీ, కుర్రాళ్లను చెడగొడుతున్నాడనీ కేసు పెట్టారు. విచారణకు అయిదు వందల మంది తీర్పరులు కూర్చున్నారు. ఇక నోరెత్తనని ఒక్క మాట అంటే బతికి బయటపడేవాడేమో. ఆయన అనలేదు.

సంఘంలో కార్యక్రమాలు చూసే రేణు స్క్రిప్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆంటీ, ఉగాదికి గ్రీకు వాళ్లెందుకండీ? మనకి పురాణాలు లేవా?"

"నిజం చెప్పినవాణ్ణి చంపడం గ్రీకు వాళ్ల సొంతమా అమ్మా?"

రేణు నవ్వేసింది. "ఓకే, కానీ ఫార్టీ మినిట్స్ కష్టం ఆంటీ. పిల్లల డాన్సులే ఇరవై మూడున్నాయి. ట్వంటీలో ఫినిష్ చేయండి."

రాధారాణి పళ్లు బిగించి సగం కొట్టేసింది. ఫిబ్రవరిలో ఆ ఇరవై పదిహేనైంది. సోక్రటీస్ స్నేహితులు పోయారు. మార్చిలో పన్నెండైంది. శిక్ష నువ్వే చెప్పమంటే, ఊరి ఖర్చుతో నాకు భోజనం పెట్టండి అని ఆయన కోర్టులోనే అనే ఘట్టం, ఆవిడకు అన్నిటికంటే ఇష్టమైనది, అదీ పోయింది. తీర్పరులుగా నలుగురిని పిలిస్తే రిహార్సల్‌కి ఇద్దరొచ్చేవారు. వారిలో ఒకాయన చెవిలో ఎప్పుడూ ఆఫీస్ మీటింగ్ నడుస్తూనే ఉండేది. నేరం మోపే పాత్రకు దొరికింది తన్వి. ఇక్కడే పుట్టి పెరిగి కాలేజీలో చదువుతున్న పిల్ల. ఆసక్తి ఉంది గానీ 'అభియోగం' అన్న మాట నోరు తిరగక నానా అవస్థా పడేది.

"కోయమంటున్నారు, కోసెయ్ రాధా. చప్పట్లెలాగూ కొడతారు," అన్నాడు భర్త యోగానంద్.

"చప్పట్ల కోసం రాశానా నేను?"

"మరి దేనికోసం?"

ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు పుటుక్కు పుటుక్కున తుంచుతూ కూర్చుంది. ముప్పై ఏళ్లుగా ఆయనకు చెప్పని సంగతి ఒకటుంది.

న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో, ల్యాబులో పక్క బల్ల దగ్గర మార్గరెట్ అనే పెద్దావిడ పనిచేసేది. ఒక మాత్ర గడువు తీరకముందే బలం తగ్గిపోతోందని గమనించింది. రిపోర్టులో మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టు రాశారు. ఇదెలా కుదురుతుందని ఆవిడ కాగితం పెట్టి అడిగింది. పైవాళ్లు మీటింగ్ పిలిచారు. పొడవాటి బల్ల చుట్టూ ఎనిమిది మంది. "నువ్వూ ఆ టెస్టులు చేశావు కదా, నీకేమైనా తేడా కనిపించిందా?" అని రాధారాణిని అడిగారు. కనిపించింది. కానీ గ్రీన్‌కార్డు ఇంకా చేతికి రాలేదు, ఆ నెలలోనే యోగానంద్ ఉద్యోగం పోయింది, పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు. "నాకేమీ కనిపించలేదు," అంది. ఆ మరుసటి వారం మార్గరెట్ తన కాఫీ కప్పూ, కిటికీలోని చిన్న మొక్కా పట్టుకుని వెళ్లిపోయింది. వెళ్తూ ఒక్క మాట దెప్పలేదు. "బయట మంచు పడుతోంది, జాగ్రత్తగా డ్రైవ్ చెయ్యి," అని మాత్రం అంది.

ఉగాది నాడు స్కూల్ ఆడిటోరియం కిటకిటలాడింది. డాన్సులు సాగి సాగి, ఈ నాటకం వంతు వచ్చేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర దాటింది. తెల్ల దుప్పటి పిన్నీసులతో బిగించుకుని, దూది గడ్డం అంటించుకుని తెర పక్కన నిలబడ్డ ఆవిడ దగ్గరికి రేణు పరుగున వచ్చింది.

"సారీ ఆంటీ, చాలా లేట్ అయిపోయింది. ఎయిట్ మినిట్స్‌లో అవగొట్టేయండి ప్లీజ్."

"పన్నెండన్నావు కదమ్మా!"

రేణు అప్పటికే వెళ్లిపోయింది.

తన్వి ముందుకొచ్చి, "ఈయన మన పిల్లలని చెడగొడుతోంది," అంది. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు ఆగాక రాధారాణి మొదలుపెట్టింది. మూడో నిమిషంలో తలుపు దగ్గరినుంచి ఎవరో కేకేశారు: "భోజనాలు రెడీ! సీనియర్స్ ఫస్ట్ ప్లీజ్!" కుర్చీలు టపటపా మడుచుకున్నాయి. ఆవిడ గొంతు పెంచింది. ఇంతలో ఎవరు నొక్కారో, తర్వాతి డాన్సు పాట డప్పులతో సహా మోగడం మొదలైంది.

రాధారాణి ఆగిపోయింది. గడ్డం పీకేసింది.

"నాకు నలభై నిమిషాలు కావాలి. మీకు ఆకలేస్తోంది. వెళ్లి తినండి," అని స్టేజీ దిగింది.

అదే ముగింపనుకుని మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టారు. రేణు శాలువా కప్పి, "సూపర్ ఆంటీ! ఆ లాస్ట్ డైలాగ్ చాలా ఎమోషనల్‌గా ఉంది," అంది. ఆ మాటకు రాధారాణికి ఏడవాలో తిట్టాలో తెలియలేదు.

వారం గడిచింది. ఆదివారం తన్వి ఫోన్ చేసింది.

"ఆంటీ, నాకు ఎండింగ్ తెలీదు. లాస్ట్‌లో ఆయన ఏం చెప్పాడు?"

"స్క్రిప్టంతా ఇచ్చాను కదే నీకు!"

"నా పేజీలే చదివాను ఆంటీ. సారీ."

ముందు ఒళ్లు మండింది. అయినా అడిగింది ఆ పిల్ల ఒక్కతే. ఫోన్ పెట్టేసి, లైబ్రరీలో ఒక శనివారం మధ్యాహ్నానికి గది బుక్ చేసింది.

పద్నాలుగు మంది వచ్చారు. ఈసారి దుప్పటీ లేదు, గడ్డమూ లేదు. నేత చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని, కొట్టేసినవన్నీ మళ్లీ చేర్చి నలభై నిమిషాలూ చదివింది. పిల్లల్ని కోర్టుకు తెచ్చి ఏడిపించి నా ప్రాణం అడుక్కోను అని సోక్రటీస్ అనే వాక్యాన్ని ఆవిడ రెండుసార్లు చదివింది. చదవడం అయ్యాక రెండో వరసలోంచి శ్రీధర్ లేచాడు. వరంగల్ నుంచి వచ్చి నలభై ఏళ్లు ఇక్కడ వైద్యం చేసి రిటైరైన డాక్టరు.

"మంచిగ చదివినవమ్మా. కానీ నాకొకటి సమజ్ కాలే. ఆయనకు ముగ్గురు పిల్లలు. చిన్నోడు ఇంకా పసిపిల్లగాడు. సరే, ఊకుంట అంటే ఏం పోయేది? నేనైతే ఊకుందును."

జవాబులన్నీ ఆవిడ కాగితాల్లో ఉన్నాయి. ఆ కాగితాలు మడిచి పక్కన పెట్టింది.

"నేను ఊరుకున్నానండీ," అంది. ఆ మీటింగ్ సంగతి మొదటినుంచీ చెప్పింది. వెనక వరసలో యోగానంద్ కదలకుండా విన్నాడు.

శ్రీధర్ అడిగాడు. "నీ పిల్లలు మంచిగున్నరా?"

"బాగున్నారు."

"మరింకేంది?"

"అదే కదండీ నా బాధ! వాళ్లు బాగున్నారు కాబట్టి నేను చేసింది తప్పని ఎవరూ అనరు. మార్గరెట్ ఏమైందో ఎవరికీ తెలీదు. ఆ మాత్రలు ఎవరు మింగారో తెలీదు!"

శ్రీధర్ తల ఊపాడు గానీ ఒప్పుకోలేదు. చేతులెత్తి ఓటేస్తే ఎనిమిది మంది సోక్రటీస్ నిర్దోషి అన్నారు, ఆరుగురు దోషి అన్నారు. "పిల్లల్ని ఆగం చేసినోడు దోషే," అన్నాడు శ్రీధర్, చెయ్యి దించకుండానే. ఇంకా వాదన తెగకముందే, టైమైందని లైబ్రరీ అమ్మాయి తలుపు తట్టింది.

కార్‌లో యోగానంద్ అడిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"అడిగితే చెప్పేదానివా?"

"ఏమో," అంది రాధారాణి, నిజంగానే తెలియక.

మార్గరెట్ పాత అడ్రసుకి ఉత్తరం రాసింది. మూడు వారాలకు, ఆ పేరుగలవారు ఇక్కడ లేరన్న ముద్రతో అది తిరిగొచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికితే అదే పేరుతో పాతికమంది కనబడ్డారు. వాళ్లలో ఈవిడెవరో పోల్చుకోలేకపోయింది.

నెలకో శనివారం ఆ గది మాత్రం బుక్ చేస్తూనే ఉంది. రెండోసారి శ్రీధర్, అచ్చం తనలాగే ఆలోచించే మరో ఇద్దరు ముసలివాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లను చూడగానే రాధారాణికి చిర్రెత్తుకొచ్చింది. గదిలో కుర్చీలు చాలకపోతే పక్క గదిలోంచి తనే రెండు మోసుకొచ్చి వేసింది.