ఏడో మైదానం

సంగం రంగనాయకులు గారు రోజూ పొద్దున్నే స్నానం చేసి, రంగనాథస్వామి పటం ముందు రెండు తులసాకులు పెట్టి, అరుగు మీద కూర్చుని ఒక కార్డు రాసేవారు. ఒకటే. రెండోది మర్నాటికే. "అయ్యా, పూర్వం విమానం దిగిన బయలు ఏదైనా మీ ఊళ్లో ఉన్నట్టు పెద్దవాళ్లు చెప్పేవారా? దయచేసి ఒక్క ముక్క రాయగలరు." ఒకరోజు నాయుడుపేట వైపు ఒక పంచాయతీకి, ఇంకోరోజు సముద్రం ఒడ్డున ఏదో బడికి. ఈ రోజుల్లో కార్డు అడిగేవాళ్లెవరు? పోస్టాఫీసు పుష్పకుమారి ఆయన కోసమే ఒక కట్ట విడిగా దాచి ఉంచేది. పంతొమ్మిదేళ్లు అలా రాశారు. వచ్చిన జవాబులు ఒక చెప్పుల పెట్టెలో సగానికి సరిపోయాయి.

నీటిపారుదల ఆఫీసులో పటాలకు నకళ్లు తీయడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యే ఏడాది, చెదలు తిన్న పాత పటం ఒకదానిలో ఒడ్డు వెంబడి ఏడు చిన్న చిన్న గుండ్రాలు కనబడ్డాయి. ఎవరెవరినో అడగ్గా తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సొంత విమానాలున్న జమీందార్లూ దొరలూ ఈ దారిన పోయేవారు. గాలి తిరగబడితేనో, పెట్రోలు అయిపోతేనో దిగడానికి అక్కడక్కడా బయళ్లు చదును చేసి పెట్టారు. పైనున్నవాడికి కనబడాలని నడుమ గుండ్రంగా రాళ్లు పరిచి, గచ్చు చేయించి, పైన సున్నం కొట్టించేవారు. కొన్నాళ్లకు విమానాలు రావడం మానేశాయి, జనమూ మరిచిపోయారు.

ఆరు మైదానాలను ఆయన బస్సులెక్కీ నడిచీ చూసి వచ్చారు. ఒకటి రొయ్యల గుంట అయింది, ఒకటి సరుగుడు తోట. మిగిలినవి ఒట్టి చౌడు. ఏడోదే చిక్కలేదు.

"ఎగిరింది ఎవరో దొరలు, అరిగింది మాత్రం మీ మోకాళ్లు," అనేది భార్య వాణి, నొప్పుల నూనె రాస్తూ.

నెల్లూరులో నరేంద్రబాబు గారని రిటైరైన లెక్చరరు, ఈ మైదానాల మీద పుస్తకం వేయడానికి పూనుకున్నారు. మొన్న వేసవిలోనే డాక్టరు రంగనాయకులు గారిని ఇక ప్రయాణాలు వద్దన్నాడు. సరిగ్గా ఆ వారమే, జువ్వలదిన్నె అవతల ఒక పాలెం నుంచి ఏసుమణి అనే బడిపంతులు జవాబు రాశాడు. "ఇక్కడి చవిటినేలలో గుండ్రంగా పాతిన రాళ్లున్నవి. ఆడవాళ్లు సున్నం కొట్టి పొంగళ్లు పెడతారు. మీరడిగేది ఇదో కాదో తెలియదు."

నరేంద్రబాబు గారు ఫోన్లో ఖచ్చితంగా చెప్పేశారు. "పైనున్న సున్నం చెక్కి, కింద గచ్చు ఉందేమో ఫోటో పంపండి. ఉంటే ఏడు మైదానాలు వేస్తాను. లేకుంటే ఆరే."

ఇదే ఆఖరి ప్రయాణమని వాణికి మాటిచ్చి, సంచిలో చిన్న ఉలి పెట్టుకుని బయల్దేరారు. మూడు బస్సులు మారేసరికి ఒంట్లో సత్తువ లేదు. దిగినచోట ఆటో అతను ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈ ఎండకి నడిచి చస్తావా పెద్దాయనా, ఎక్కు," అని దారి లేని చోటిదాకా తీసుకుపోయి దించాడు.

చేపలవేట నిషేధం తీరడానికి ఇంకా నాలుగు రోజులుంది. పడవలు నీళ్లలోకి దిగే ముందు ఆ రాళ్లకు సున్నం కొట్టడం ఆ పాలెం ఆచారం. నలుగురైదుగురు ఆడవాళ్లు కుండల్లో సున్నం కలుపుతున్నారు. వాళ్లలో పెద్దది మాలకొండమ్మ.

"చెప్పులిడిచి రా పెద్దాయనా. ముందీ మజ్జిగ తాగు. మొహం చూడు, ఎట్టా పీక్కపోయిందో!"

"ఏం అన్నా, మా అమ్మోరిని ఫోన్లో పట్టుకపోయి టీవీలో ఏస్తావా?" అని ఇంకో ఆమె నవ్వింది.

ఆయన మజ్జిగ తాగి రాళ్ల దగ్గర కూలబడ్డారు. ఏటేటా కొట్టిన సున్నం మూడు వేళ్ల మందాన పేరుకుని ఉంది.

"అమ్మవారి పేరేంది తల్లీ?"

"సున్నపమ్మ అంటాం. పేరు పెట్టిందెవురో మాకేం తెలుసు?"

"ఎన్నాళ్ల నుంచి కొడతా ఉండారు?"

"మా మామగారి నాయన గంగులయ్య మొదులుపెట్టినాడు. ఏడాదికి రెండుసార్లు తెల్లంగా ఉంచాల, పైనించి దిగేవాళ్లకి కనపడాల అని చెప్పిపోయినాడంట. దిగేదెవురు, అమ్మేగా! అప్పట్లో సున్నం సర్కారు కచేరీ నించి బండిలో వచ్చేదంట. రాను రాను రాలా. రాకపోతే మానేస్తామా? గుల్లలు ఏరుకోనొచ్చి కాల్చి మేమే చేసుకుంటా ఉండాం."

రంగనాయకులు గారికి సంగతి తెలిసిపోయింది. విమానాలు ఆగిపోయాక సున్నం పంపడం కూడా ఆపేసిన కచేరీవాళ్లు, ఇక కొట్టొద్దని గంగులయ్యకు చెప్పడం మరిచారు. ఆయన పని ఆయన చేస్తూనే పోయాడు.

"గీకి చూస్తే తప్పా తల్లీ? ఒక్క రాయి, కొంచెమే?"

మాలకొండమ్మ కోప్పడలేదు. "తప్పు నాయనా. అమ్మ ఒంటి మీద తోలు గదా అది. పైన కొట్టాల్సిందే గానీ తియ్యకూడదు." కుండలో సున్నం తిప్పుతూ అడిగింది, "ఇంతకీ ఎందుకొచ్చినావు?"

"పూర్వం పైనించి దిగిన చోట్లు ఎతుక్కుంటా ఉండానమ్మా."

"దొరికిందా మరి?"

"దొరికింది."

ఆడవాళ్లు ఎండకు ఓర్వలేక, కుండలు అక్కడే పెట్టి నీళ్లకు పోయారు. అరగంటసేపు ఆ బయల్లో ఆయనొక్కరే. ఉలి సంచిలోనే ఉంది. పంతొమ్మిదేళ్ల తిరుగుడుకు గోరంత సున్నం రాలిస్తే చాలు. ఉలి పైకి తీశారు. చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. మళ్లీ సంచిలో వేసేశారు. అంత అలసట తన జన్మలో ఎరగనని తర్వాత వాణితో అన్నారట.

మర్నాడు ఇంటి నుంచి నరేంద్రబాబు గారికి ఫోన్ చేశారు.

"గచ్చు కనబడిందా?"

"చెక్కలేదండీ."

"అంత దూరం పోయి చెక్కలేదా! నోటిమాట మీద నేనెట్లా వేసేది రంగనాయకులు గారూ?"

"వద్దండీ, ఆరే వేయండి. ఆ పాలెం పేరు కూడా ఎక్కడా రానీయకండి. జనం వచ్చి తవ్వుతారు." ఆయన కాసేపు ఆయాసం తీర్చుకున్నారు. "నాదొక్క మనవి. విమానాలు నడిపిన దొరల పేర్లన్నీ చివర వేస్తానన్నారు గదా. వాళ్ల కింద, ఏ ఊరో చెప్పకుండా, 'సున్నం కొట్టినవాడు గంగులయ్య' అని ఒక్క ముక్క వేయండి బాబూ."