నిలువు గీత

కోనసీమలో ఆ చిన్న నర్సింగ్‌హోం సిస్టరు సత్యకుమారి ఎవరు తెచ్చిన కార్డునూ నమ్మదు. గర్భిణి వేలు గుచ్చి, గాజు పలక మీద చుక్కలేసి, మందు కలిపి, పుల్లతో తిప్పుతూ బ్లడ్ గ్రూపు తనే తేల్చుకుంటుంది. తిప్పుతున్నంతసేపూ సణుగుతుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా ఎత్తుకోదు.

తొంభయ్యారు తుఫాను వెళ్ళిన వారం, రేవు మెట్ల మీద జారిపడిన దుర్గాశ్రీని తెచ్చారు. ఆరో నెల. కార్డులో బి పాజిటివ్, పలక మీద బి నెగటివ్. డాక్టరమ్మ ఇంజక్షన్ రాసింది.

"చుక్క రక్తం కనబడలేదు కదండీ, ఇంజక్షనెందుకు?" అంది దుర్గాశ్రీ తల్లి సూర్యకళ.

"కనబడదమ్మా. బిడ్డ రక్తం లోపల్లోపలే తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే తల్లి ఒంట్లో దానికి విరుగుడు తయారై తర్వాతి కాన్పుల్లో బిడ్డల మీద పడుతుంది. మూడ్రోజుల్లో ఇంజక్షన్ పడాలి. రోజుకి పదిసార్లు చెప్తున్నానండి ఈ మాట," అని సణిగింది సత్యకుమారి.

కార్డుని కిటికీ దగ్గర పెట్టి చూసింది. బి పక్కన అడ్డగీత నల్లసిరా, దాన్ని ప్లస్ చేసిన నిలువుగీత నీలం. "ఇది గీసిందెవరు?"

"నేనేనండి. వియ్యాలవారు పిల్లలో లోపం ఉందనుకుంటారని..."

సత్యకుమారికి ఒళ్ళు మండింది. "లోపం పిల్లలో లేదమ్మా, మీ పెన్నులో ఉంది."

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు రత్నమాణిక్యం అప్పుడు నోరు విప్పింది. "నాదీ నెగటివేనంట సిస్టరుగారూ, మొన్న ఆపరేషనప్పుడు చెప్పారు. మా అబ్బాయి తర్వాత ముగ్గురు, పుట్టగానే పచ్చకామెర్లొచ్చి పోయారండి. నా జాతకమన్నారు. ఈ ఇంజక్షన్ అప్పుడుండేదా అండి?"

సత్యకుమారి జారిన కళ్ళజోడు ఎత్తుకుని, సిరంజి అందుకుంది.