ఇంటిల్లిపాది మొక్కు

మొన్న బడులు తెరిచిన రోజు పొద్దున తోటకూర కొందామని సంచి పట్టుకుని మా వీధి మలుపు దాకా వెళ్ళాను. తిరుపతిలో మా ఇంటికి దగ్గరలోనే ఒక ఆడపిల్లల బడి ఉంది. కొత్త యూనిఫాం, కొత్త పుస్తకాల సంచి, వాటన్నిటినీ మించి తళతళలాడే గుండు, దాని మీద ఇంకా సరిగా ఆరని గంధం పూతతో ఒక పిల్ల ఆటో దిగి, పక్కనున్న స్నేహితురాలితో ఏదో చెప్పి పకపకా నవ్వుకుంటూ గేటులోకి వెళ్ళిపోయింది. ఈ ఊళ్ళో గుండు కనబడితే ఆగి చూసేవాళ్ళెవరూ ఉండరు, చూడటం మొదలుపెడితే పొద్దస్తమానం అదే పనవుతుంది. నేను మాత్రం ఆగిపోయాను. ఖాళీ సంచితో ఇంటికి వస్తే ఏమైంది అత్తమ్మా అని కోడలు అడిగింది, ఏమీ లేదన్నాను. నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు, సెలవుల్లో అందరం కలిసి ఊరు దాటడమంటే ఎంత సంబరమో, జూన్ నెలలో బడికి పోవడమంటే ఎంత బెంగో మీకు మళ్ళీ విడమరిచి చెప్పనక్కరలేదు.

మాది చిత్తూరు దగ్గర పల్లె. నాయనకు ఒక జీపు ఉండేది, దాన్లో పల్లెకూ టౌనుకూ మధ్య జనాన్ని తిప్పేవాడు. కూర్చునేవాళ్ళు కూర్చోగా, వేలాడేవాళ్ళు వేలాడగా, రోడ్డు పక్కన ఇంకెవరైనా చెయ్యెత్తితే "చోటుండాది రాప్పా" అని బండి ఆపేవాడు. ఆ జీపు మీదే ఇల్లు గడిచేది కనుక, ఊరంతా ఎక్కే ఆ బండిలో మేము మాత్రం షికారుకని ఎక్కింది లేదు. వేసవి వచ్చినప్పుడల్లా ఈసారి అందరం పోదామనేవాడు, అంతలోనే పెళ్ళిళ్ళ కిరాయిలు వచ్చిపడేవి, ఆ మాట వచ్చే ఏటికి వాయిదా పడేది. అమ్మ దాన్ని వేళాకోళం చేస్తూ, మీ నాయన మనల్ని తీసుకుపోయే లోపల జీపుకే కాళ్ళొచ్చి అదే నడిచిపోతుందనేది.

అట్లాంటిది నాకు ఏడో తరగతి నడుస్తున్న ఏడు, చలికాలంలో నాయనకు పచ్చకామెర్లు వచ్చాయి. నేలఉసిరి నూరి మజ్జిగలో కలిపి ఇచ్చారు, ఎవరో చెప్పిన పసరు పోయించారు, ఏదీ పట్టక చివరకు టౌను ఆసుపత్రిలో చేర్చారు. కళ్ళూ గోళ్ళూ పసుపు రాసినట్టు ఉండేవి. ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూ ఉండే మనిషి, మేము పోయి పక్కన నిలబడితే మావైపు చూసి ఊరుకునేవాడు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అమ్మ ఆసుపత్రి వరండాలో నిలబడి, కొండ ఉన్న దిక్కుకు తిరిగి, ఈ మనిషిని లేపి నడిపిస్తే ఇంటిల్లిపాదీ వచ్చి తలనీలాలు ఇచ్చుకుంటామని మొక్కింది. కష్టంలో ఉన్నవాళ్ళు కొలత పెట్టుకుని మొక్కరు కదా. ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరి తల ఎట్లాంటిదో ఆమెకు ఆ వేళ గుర్తొచ్చి ఉండదు.

నాయన లేచాడు. ఉగాది దాటేసరికి మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు. ఏడుకొండలవాడికి బాకీ పడితే వడ్డీతో సహా వసూలు చేస్తాడని తెలిసినవాళ్ళం కనుక, సెలవులు ముగిసేలోగా కొండకు పోవాలన్నారు. నా భయం నాది. నా జడ నడుము దాటేది. ఆదివారం వస్తే మా అవ్వ, అంటే నాయనమ్మ, నన్ను పీట మీద కూర్చోబెట్టి నూనె పెట్టి, శీకాయతో రుద్ది, సాంబ్రాణి పొగ వేసి, ఊళ్ళో అందరి జడల కంటే నాదే పొడుగని చాటింపు వేసినంత పని చేసేది. పైగా మా పల్లె బడి ఏడుతోనే సరి, ఎనిమిదికి టౌనుకు పోవాలి. చదువులో అంతంతమాత్రం, రంగు చామనచాయ, మాట పెగలదు. నాకున్నదల్లా ఆ జడ ఒక్కటే అని నా నమ్మకం. అది కూడా లేకుండా ముక్కూ మొహం తెలియని టౌను పిల్లల మధ్యకు ఎట్లా పోవాలో తెలియలేదు.

నాకు ఒక ఆశ మాత్రం ఉండేది. నాయన చెల్లెలు, మా అత్త, మాతోనే ఉండేది, ఆమెకు శ్రావణంలో పెళ్ళి కుదిరి ఉంది. గుండుతో పీటల మీద కూర్చోబెడతారా అని ఇంట్లో పంచాయితీ లేచింది. అవ్వ తీర్పు చెప్పింది. "తాంబూలాలు మార్చుకున్నాంక అది ఆ ఇంటి పిల్లే. దానికి మూడు కత్తెర్లు సాలు." మూడు కత్తెర్లంటే జుట్టు చివర మూడు చోట్ల కత్తిరించి ఇవ్వడం. నేను సందు దొరికిందని, నేను కూడా ఎప్పటికైనా ఇంకో ఇంటికి పోయేదాన్నే కదా అన్నాను. ఇల్లంతా గొల్లుమంది. "నీకు తాంబూలాలు ఎవురిచ్చినారు మే?" అని అవ్వ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాయన ఒక్కడే నవ్వలేదు, లేచి జీపు తుడవడానికి పోయాడు.

తీరా బయలుదేరిన రోజు చూడాలి నాయన హుషారు. చిత్తూరు నుంచి కొండకు దగ్గర దారి వేరే ఉన్నా, ఇన్నేళ్ళ బాకీ ఒకేసారి తీర్చాలని కార్వేటినగరం మీదుగా చుట్టు తిప్పి తీసుకుపోయాడు. జీపు వెనక అవ్వ, అత్త, తమ్ముడు, పులిహోర గిన్నె, నీళ్ళ బిందె. ముందు నాయనకూ అమ్మకూ మధ్య నేను. కార్వేటినగరంలో పాడుబడిన కోట గోడలు చూపించి, ఇక్కడ ఏనుగులు కట్టేసేవాళ్ళని అవ్వ తాను చూసినట్టే చెప్పింది. తమ్ముడు కత్తి ఏదైనా దొరుకుతుందేమోనని రాళ్ళ మధ్య వెతికాడు. దారి పొడుగునా మామిడితోపులు, కాయల బరువుకు వంగిన కొమ్మలు. నాయన బండి నెమ్మది చేసి ఇది బెంగళూరా, అది నీలం అని పేరుపేరునా చెబుతుంటే, జ్వరం తగ్గినవాడు అన్నం తింటున్నంత ఇష్టంగా వినిపించేది ఆ గొంతు. గాలికి నా జడ లేచి ఆయన భుజం మీద పడేది, ఆయన దాన్ని తీసి నా ఒళ్ళో పెట్టేవాడు. పుత్తూరు దాటుతుంటే, విరిగిన ఎముకలు అతికించే ఊరని పేరుంది కదా, తెగిన జుట్టు అతికించేవాళ్ళు కూడా ఒకరుంటే ఎంత బాగుండునని అనుకున్నాను.

వడమాలపేట దగ్గర రోడ్డు పక్క తోపులో భోజనాలకు ఆగాం. పంపుసెట్టు నడుస్తోంది. తమ్ముడు నీళ్ళలో దిగాడు, అవ్వ కొంగు పరుచుకుని పడుకుంది. నేను తొట్టి వెనక కాళ్ళు కడుక్కుంటుంటే అవతల నాయన, అమ్మ మాట్లాడుకోవడం వినబడింది.

"పాపని ఇడిసిపెడదాం. కొత్త బడికి పొయ్యే బిడ్డ. దానికి బదులు నేను రెండుసార్లు ఇచ్చుకుంటా."

అమ్మ పులిహోర గిన్నెకు మూత పెట్టింది. "నాకు మాత్రం ఇష్టమా? ఆ పొద్దు నువ్వు ఎట్లుణ్ణావో నీకు తెలీదు, నాకు తెలుసు. మాట ఇచ్చినాను. మళ్ళీ ఏమన్నా అయితే నేను యాడికి పొయ్యి ఎవురిని అడిగేది?"

అప్పటిదాకా నేను కొండ మీద ఏదో ఒక గొడవ చెయ్యాలని, స్తంభాన్ని పట్టుకుని వదలకూడదని పథకాలు వేసుకున్నదాన్ని, ఆ తొట్టి వెనక అవన్నీ వదిలేశాను. నా జుట్టు ఉండాలని కోరుకుంటే నాయన ఉండకూడదని కోరుకున్నట్టే అవుతుందని అర్థమయ్యాక ఇంక ఏ గొడవ చేస్తాం? తిరుపతి సత్రంలో ఆ రాత్రి అవ్వ నా తలకు నూనె పెట్టబోతే, ఎందుకులే అవ్వా, రేపు పోయేదే కదా అన్నాను. అవ్వ నూనెగిన్నె పక్కన పెట్టి, ఉత్త చేత్తోనే చాలాసేపు నిమిరింది.

కల్యాణకట్టలో మా ముందు అమ్మ కూర్చుంది. వరసగా తలలు వంచుకున్న జనం, తడి నేల, ఎక్కడ చూసినా జుట్టు. నా వంతు వచ్చాక క్షురకుడు జుట్టు తడిపి, ముడి వేసి, కత్తి పెట్టాడు. ఏడవకూడదనే అనుకున్నాను. మొదటి పాయ ఒళ్ళో పడేసరికి ఆగలేదు. పక్కన ఎవరో పెద్దామె, బిడ్డ మంచికే అనుకుంటాను, "ఏడస్తా ఇస్తే సామికి ముట్టదు, నవ్వతా ఇయ్యాల మే" అంది. నవ్వబోయాను, రాలేదు. నాయన కోసం చూస్తే కనబడలేదు, బండిలో నీళ్ళు చూసి వస్తానని పోయాడన్నారు. తిరిగొచ్చి తానూ ఇచ్చుకుని, గంధం గిన్నెలో చెయ్యి ముంచి, నా తలకు తానే పూశాడు. దర్శనమయ్యాక కొండ దిగుతుంటే జీపులో అందరూ గుండ్లే, అత్త ఒక్కతికే జుట్టు ఉండటంతో, ఏదో తప్పు చేసినదానిలాగా ఆమె కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. అది చూసి మొదట తమ్ముడు, తర్వాత మేమంతా నవ్వాం. నేనూ నవ్వాను.

బడి తెరిచిన రోజు తలకు గుడ్డ కట్టుకుని పోయాను. నాయన జీపు గేటు దాకా తెచ్చి, నేను లోపలికి పోయేదాకా బండి కదపలేదు. తరగతిలో అడుగుపెట్టి చూద్దును కదా, అప్పటికే రెండు గుండ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నాయి. మా వైపు జూన్ నెలలో గుండ్లకు కరువేముంటుంది. ఒకతిది చెల్లెలి జబ్బు నయమైనందుకు, ఇంకొకతిది వానలు పడి బావిలో నీళ్ళు ఊరినందుకు. ముగ్గురం ఒకే బెంచీ పట్టాం. నేను అన్ని రాత్రులు నిద్ర కాచి భయపడిన సంగతి మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఒట్టిదైపోయింది. సాయంత్రం నాయనకు ఆ మాట చెబితే దారి పొడుగునా ఎక్కినవాళ్ళకూ దిగినవాళ్ళకూ చెప్పుకుని నవ్వాడు.

మేము దేనికి భయపడ్డామో అది రాలేదు, తీరిందనుకున్నదే తిరిగి వచ్చింది. అత్త పెళ్ళి అయింది. వానలు మొదలయ్యాయి. నా జుట్టు వేళ్ళకు అందుతున్న రోజుల్లో, ఒక పొద్దున జీపులో పక్కన కూర్చుని ఏదో అడిగితే నాయన నావైపు తిరిగాడు, ఆయన కళ్ళు మళ్ళీ పచ్చగా ఉన్నాయి. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తకుండా, "నాకూ కనబడినాయి" అంది. ఈసారి వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తమ్ముడూ నేనూ అవ్వ దగ్గర ఉండిపోయాం. అవ్వ రోజూ వాకిట్లో కూర్చుని కొండవైపు చూస్తూ, ఇస్తామన్నవి అన్నీ ఇచ్చినాం కదా సామీ అని, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేది. నాయన తిరిగి రాలేదు. కర్మ నాడు, అప్పుడప్పుడే ఒత్తుగా వస్తున్న తమ్ముడి తల మళ్ళీ గుండయింది. నా జుట్టు అప్పటికి మెడ దాకా కూడా రాలేదు.

ఆ పెద్దామె మాట నాలో దిగబడిపోయింది. ఏడుస్తూ ఇచ్చాను, ముట్టలేదు, అందుకే ఇట్లా అయింది. ఇది ఎవరితో చెప్పుకునే మాట? బడిలో ఆ ఇద్దరితోనూ చెప్పలేదు. మరుసటి వేసవిలో, జడ అల్లడానికి కొద్దిగా అందుతున్న నా జుట్టును అమ్మ దువ్వుతుంటే, ఆమె మొహం కనబడదు కనుక ధైర్యం వచ్చి, నేను ఏడ్చినందుకేనా అమ్మా అని అడిగేశాను. దువ్వెన ఆగింది. కోప్పడుతుందనుకున్నాను.

"నువ్వొక్కదానివే ఏడ్చినావనుకొంటివా? నేను ఏడ్చినాను. మీ నాయన బండి కాడికి పొయ్యి ఏడ్చినాడు, నేను సూసినాను. ఆ కొండకి నవ్వతా పొయ్యేటోళ్ళు ఎంతమంది మే? సామికి మన ఏడుపు కొత్త గాదు." అంతవరకూ గట్టిగానే చెప్పి, తర్వాత నా వీపుకు తల ఆనించి అట్లాగే ఉండిపోయింది. ఆమె తల మీద కూడా అప్పటికి కురచ జుట్టే.

ఇప్పుడు అంతా పిల్లల్ని అడిగి చేస్తున్నారు. సెలవులకు ఎక్కడికి పోదామని అడుగుతారు, ఏ బడిలో చేరతావని అడుగుతారు, జుట్టు ఇస్తావా తల్లీ అని కూడా అడుగుతారు, వద్దంటే మూడు కత్తెర్లతో సరిపెడతారు. మంచి మార్పే, నేను కాదనను. మమ్మల్ని ఎవరూ ఏదీ అడగలేదని మన ఈడువాళ్ళమంతా ఎప్పుడో ఒకప్పుడు నిష్ఠూరమాడినవాళ్ళమే. కానీ ఆ తోపులో తొట్టి వెనక నేనున్నానని తెలిసి, అమ్మ నా వైపు తిరిగి ఏమంటావే అని అడిగి ఉంటే, ఎంత తెలిసినా పన్నెండేళ్ళ పిల్లను, వద్దనే అని ఉండేదాన్ని. వాళ్ళు సరేనని ఉండేవాళ్ళు. ఆ తర్వాత నాయన పోయి ఉండేవాడు, ఎట్లాగూ పోయేవాడే. ఆ ఒక్క మాటను పెట్టుకుని నేను ఇన్నేళ్ళు ఎట్లా బతికేదాన్నో నాకు తెలియదు. అమ్మ అడగలేదు. మొక్కూ తనదే, మాటా తనదే అని అంతా తన మీదే వేసుకుని, నాయన పోయినందుకు నాకు ఏడవడం తప్ప వేరే పని లేకుండా చేసింది.